బండి నిలుపు చోటు



నేడు నేను మీతో ముచ్చటింపబూనిన విషయము వినుటకు మిక్కిలి చిన్నది. ఇది ప్రయాణమును గూర్చి కాదు; ప్రయాణము ముగిసిన పిమ్మట బండిని ఎక్కడ నిలుపవలెనను చింతను గూర్చి. పట్టణములలో దీనిని పార్కింగు అందురు. ఇప్పుడు పల్లెలలోను ఆ మాటయే చెల్లుచున్నది. ఇంత స్వల్పవిషయమునకు ఒక ప్రసంగమేల యని మీలో కొందరనుకొనవచ్చును. నేనును అట్లే అనుకొనెడివాడను. కొన్నియేండ్ల క్రిందట గుడివాడలో ఒక మధ్యాహ్నము జరిగిన సంగతి నా తలంపును మార్చినది. దానిని కొంతసేపటికి మనవి చేసెదను. ముందుగా మన సీమలో పెద్దలు ఎట్లు తిరిగిరో, ఎక్కడ నిలిచిరో కొంచెము తలచుకొందము.

మాది అవనిగడ్డకు చేరువనున్న ఒక పల్లె. దివిసీమలోను, గుడివాడ ప్రాంతములోను గల ఉన్నత పాఠశాలలందు ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. బదిలీలవలన ఈ సీమలోని దారులన్నియు నాకు పరిచితములు. నడచితిని, పడవనెక్కితిని, సైకిలు త్రొక్కితిని, బస్సులో నిలువుకాళ్లమీద పోతిని, రైలులో కూర్చుంటిని. అరువదియేండ్ల ప్రాయమున కారు నడుపుటయు నేర్చుకొంటిని.

మనది నీటిసీమ. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. దానినుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక జనులకు దారులును అయినవి. మా తాతగారు బెజవాడకు పడవలోనే పోయి వచ్చెడివారట. గాలి అనుకూలించినచో తెరచాప యెత్తుదురు. లేనిచో గట్టువెంట మనుష్యులు తాడుపట్టి లాగుదురు. లాకు కడకు వచ్చినచో ముందు వచ్చిన పడవలన్నియు దాటువరకు వేచియుండవలెను. 1908లో బెజవాడనుండి గుడివాడమీదుగా బందరునకు రైలు వచ్చినది. 1928లో గుడివాడనుండి భీమవరమునకు మరియొక శాఖ వేసిరి. దివిసీమకు మాత్రము రైలు నేటికిని రాలేదు. మేము రైలెక్కవలెనన్నచో ఈవల బందరునకో, ఆవల రేపల్లెకో పోవలెను. 2006లో పులిగడ్డ, పెనుమూడి గ్రామముల నడుమ కృష్ణపై వంతెన తెరచువరకు రేపల్లె పోవుట యనగా రేవు దాటుటయే. ప్రొద్దుక్రుంకిన పిమ్మట రేవునకు వచ్చినవాడు ఆ రాత్రి గట్టుననే పండుకొనవలసివచ్చెడిది.

పాతకాలపు ప్రయాణములన్నియు సుఖములని చెప్పి మిమ్ము మోసపుచ్చను. గూడుబండిలో బందరు చేరునప్పటికి నడుము విరిగెడిది. వానకాలమున చక్రము ఇరుసువరకు బురదలో దిగబడెడిది. సీల ఊడినచో చక్రము తొలగునని భయము. ఎద్దు కుంటినచో నడుమదారిలో ఏమి చేయుదుమని భయము. సైకిలున్నవానికి పగలు గాలి దిగునను దిగులు, రాత్రి దీపము లేనిచో పోలీసువాడు పట్టుకొనునను దిగులు. బస్సునకు కాచుకొన్నవాడు అది రాగానే కిటికీలోనుండి సీటుపై రుమాలు పడవేసి, తరువాత ద్వారమున తొక్కిసలాడి లోనికి పోయి, ఆ రుమాలుపై మరియొకడు కూర్చుండుట చూచి జగడమాడవలెను. రైలునకు పోవువానికి రైలు తప్పునను చింత. ముందుగా పోయినచో అది ఎప్పటికిని రాదను చింత. ఇట్లు ఏ వాహనమునకు తగిన క్లేశము ఆ వాహనమునకు కలదు.

అయినను ఒక భేదమున్నది. ఆ క్లేశములన్నియు దారిలోనివి. ఊరు చేరినతోడనే అవి తీరెడివి. పడవ రేవునకు తగిలినచో పడవవానికి చింత లేదు. బస్సు దిగినవాడు సంచి చంకబెట్టుకొని తన దారిని పోవును; ఆ బస్సు ఎక్కడ నిలుచునో వానికేల? ఇక ఎడ్లబండి సంగతి మీరందరు ఎరిగినదే. బంధువుల యింటిముందు బండి నిలిచినతోడనే ఇంటివారు ఎదురువచ్చి, ముందుగా ఎడ్లను విప్పించి, కుడితి పెట్టించి, గడ్డి వేయించి, బండిని చావడి ప్రక్కకో చింతచెట్టు క్రిందికో తోలించి, పిమ్మట అతిథికి కాళ్లకు నీళ్లిచ్చెడివారు. బండి నిలుపుట వచ్చినవాని పని కాదు, పిలిచినవాని పని. దాతలు కట్టించిన సత్రములలో మనుష్యులకు వంటయిల్లు, స్నానమునకు నుయ్యి ఉండెడివి. వానితోపాటు బండ్లు విప్పుకొనుటకు దొడ్డియు, ఎడ్లకు నీళ్లతొట్టియు ఉండెడివి. ప్రయాణికుడు నిలుచుట కూడ ప్రయాణములో భాగమే యని వారికి తెలియును.

నేడు దారులు బాగుపడినవి. పూనా నగరమునుండి హైదరాబాదు, విజయవాడలమీదుగా వచ్చు 65వ జాతీయ రహదారి బందరులో ముగియుచున్నది. కత్తిపూడినుండి ఒంగోలు పోవు 216వ రహదారి బందరు మీదుగా వచ్చి, పులిగడ్డ వంతెనపై కృష్ణను దాటి పోవుచున్నది. నాడు ఒక దినము పట్టిన ప్రయాణము నేడు గంటలో ముగియుచున్నది. కాని గంటలో చేరినవాడు బండిని నిలుపుటకు అరగంట తిరుగుచున్నాడు. ఇది యేమి చిత్రమని ఆలోచించితిని. కారణము కష్టమైనది కాదు. దినమునకు ఒక గంట నడచు కారు తక్కిన 23 గంటలు ఎక్కడనో నిలిచియే యుండవలెను. కావున కారు నడచు వస్తువనుటకంటె నిలుచు వస్తువనుటయే సరి. ఎద్దులను విప్పినచో బండి సగమగును. కాడి దించి గోడ ప్రక్కకు నెట్టవచ్చును. కారు నడచినను నిలిచినను ఆక్రమించు చోటు తగ్గదు. మూడు చిన్నకార్లు వరుసగా నిలుచు పొడవున ఒక బస్సు నిలుచును. ఆ బస్సులో ఏబదిమంది కూర్చుందురు. ఆ మూడు కార్లలో అనేక పర్యాయములు ముగ్గురే యుందురు.

మన పట్టణముల వీధులు ఈ లెక్కకు కట్టినవి కావు. బందరు పురాతనమైన రేవుపట్టణము. 1611లోనే ఆంగ్లేయ వర్తకులు అక్కడ దిగిరి. అక్కడి పాతపేటలలోని సందులు నడచువారికిని, ఒక బండి పోవుటకును చాలునట్లు ఏర్పడినవి. కోనేరు సెంటరునకు పనిమీద పోయిన పల్లెవాని ముఖము చూడుడు. పని ఎంతవరకు అయినదని అడిగినచో వాడు చెప్పలేడు. మోటారుసైకిలు ఎక్కడ పెట్టితివని అడిగినచో తడబడక చెప్పును. వాని మనస్సంతయు దానికడనే యున్నది.

ఇక నా సంగతి వినుడు. విశ్రాంతి గొన్న పిమ్మట మా కుమారుడు ఒక చిన్నకారు నాకిచ్చినాడు. వైశాఖమాసమున గుడివాడలో ఒక వివాహమునకు నేనును నా భార్యయు చల్లపల్లి, కూచిపూడి, పామఱ్ఱు మీదుగా ఆ కారులో పోతిమి. ఆమెకు మోకాళ్లనొప్పి. కల్యాణమంటపము ద్వారముకడ ఆమెను దింపి, కారు నిలుపుటకు చోటు వెదకితిని. వీధికిరువైపుల కార్లు, వానిముందు మోటారుసైకిళ్లు, వాని నడుమ అరటిపండ్ల తోపుడుబండ్లు. మూడుమారులు చుట్టి వచ్చితిని. ముహూర్తము సమీపించుచున్నది. వెనుకనున్నవారు హారనులు మ్రోగించుచున్నారు. చెమటతో కండువా తడిసినది. నాలుగవ పర్యాయము ఒక సందు మొగలో కొంచెము చోటు కనబడినది. అది సందునకు దారియని నాకు తెలియును. తెలియదని చెప్పినచో అసత్యమగును. అరగంటలో వచ్చెదను గదా యని కారును అక్కడ నిలిపి పోతిని.

చేతులు వధూవరులపై అక్షతలు చల్లుచున్నవి, మనస్సు కారుచుట్టు తిరుగుచున్నది. భోజనమునకు కూర్చుండి రెండవ వడ్డనకు రాకమునుపే ఒక యువకుడు లోనికి పరుగెత్తివచ్చి ఒక కారు సంఖ్యను బిగ్గరగా చదివినాడు. అది నా కారు సంఖ్య. ఎంగిలిచేయి కడుగుకొనక పరుగెత్తితిని.

సందులోనుండి ఇరువురు ఒక కొయ్యకుర్చీని మోసికొని వచ్చుచున్నారు. అందులో ఒక వృద్ధుడు, ఊపిరాడక రొప్పుచున్నాడు. ఆటో పెద్దవీధిలో నిలిచియున్నది. నా కారు అడ్డముండుటచే లోనికి పోలేకపోయినది. కుర్చీని నా కారు ప్రక్కనుండి తెచ్చుటకు వీలులేక, గోడకును కారునకును నడుమ దానిని పైకెత్తి తిప్పవలసివచ్చినది. ఆ యెత్తినవారిలో ఒకడు నన్ను చూచినాడు. ఇరువదియేండ్ల క్రిందట నాయొద్ద పదవ తరగతి చదివినవాడు. వాడు కోపించలేదు. “మాస్టారూ, కారు మీదాండీ?” అని మాత్రము అడిగి ఆటోవైపు పోయినాడు.

దైవకృపచేత ఆ పెద్దమనిషి బ్రతికినాడు. పదిదినములకు పండ్లు తీసికొని వారి యింటికి పోతిని. నేను క్షమాపణ చెప్పకముందే ఆయన మంచముపైనుండి, “పర్వాలేదండీ పంతులుగారూ, ఆ రోజు మీకు మాత్రం చోటెక్కడ దొరికింది?” అన్నాడు. తిట్టినచో నాకు కొంత ఊరట కలిగియుండును. ఆ మాట మాత్రము నన్ను చాలదినములు నిద్రపోనీయలేదు.

మాకు పాఠశాలలోను, ఓరియంటలు కళాశాలలోను చెప్పిన శాస్త్రములలో ఈ సంగతి లేకపోలేదు. రోగికి, బరువు మోయువానికి, వృద్ధునకు, స్త్రీకి దారి తొలగవలెనని ధర్మశాస్త్రములు విధించినవి. దారి అడ్డగించినవానికి దండమును కౌటిల్యుడు అర్థశాస్త్రమున నిర్ణయించినాడు. మనుష్యులును చిన్నపశువులును పోవు దారిని అడ్డగించినచో 12 పణములు. పెద్దపశువుల దారియైనచో 24. గ్రామమునకు, శ్మశానమునకు పోవు దారియైనచో 200. రాజ్యములోని పెద్దదారియైనచో 1000 పణములు. ఈ భాగమును నేను పిల్లలకు చెప్పియుంటిని. నా కారు కట్టవలసిన పణములెన్ని యని ఆ దినము లెక్కించుకొంటిని.

ఈ బాధ మనకొక్కరికే కాదు. రోమునగరమున పగటివేళ బరువుబండ్లు రాగూడదని జూలియస్ సీజరు కాలముననే శాసనము చేసిరి. అమెరికాలో ఓక్లహోమా నగరమున 1935లో వీధి ప్రక్కన నాణెము వేసి బండి నిలుపుకొను యంత్రమును మొదటిసారిగా నాటిరి. జపానువారు 1962లో ఒక శాసనము చేసికొనిరి: కారు కొనువాడు తన యింటికి సమీపమున దానిని నిలుపుటకు చోటున్నదని రుజువు చూపవలెను. ఎద్దును కొనకముందు కొష్టము కట్టుకొను రైతునకు ఇందులో వింతయేమియు లేదు. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 117వ విభాగము, స్థానిక సంస్థతో సంప్రదించి వాహనములు నిలుపు చోట్లను ఏర్పరచుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. ఇతరులకు అపాయముగాని అడ్డుగాని కలుగునట్లు బండిని విడుచుటను 122వ విభాగము నిషేధించినది. కావున చట్టము లేదనుటకు వీలులేదు. చోటు చూపుమని అడుగువారును, చూపువారును లేరు.

దివిసీమవారికి దారి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చినప్పుడు నేను యువకుడను. మరునాడు చెట్లు, కప్పులు, పశువుల కళేబరములు దారులపై పడియుండగా, బయటనుండి వచ్చు అన్నము, మందు ఎక్కడివక్కడ నిలిచిపోయినవి. గొడ్డళ్లు పట్టి దారి చేసినవారివలన ఎందరో బ్రతికిరి. దారి యుండుటయే ప్రాణముండుట యని ఆనాడు కన్నులార చూచినవాడను, సందు మొగలో కారు నిలుపునప్పుడు దానిని మరచితిని. భయమును తొందరయు మంచివానిచేతను చెడ్డపని చేయించును. అందుచేతనే, నిలుపుకొనువాని మంచితనమును నమ్ముకొని ఊరుకొనక, నిలుపు చోటును ముందుగా ఏర్పరచవలెనని నేననుచున్నాను.

ఇది పెద్దల పని. కనుక మీకు కొన్ని మాటలు మనవి చేసికొందును.

మొదటిది, పెండ్లి చేయువారు శుభలేఖలో ముహూర్తమును, మంటపమును అచ్చువేయించుచున్నారు. బండ్లు నిలుపు చోటును కూడ ఒక పంక్తిలో వేయించుడు. సమీపమున ఖాళీస్థలమును ఆ పూటకు అద్దెకు తీసికొని, ఇద్దరు కుఱ్ఱవాండ్రను అక్కడ నిలుపుడు. పూర్వము ఎడ్లను విప్పించిన మర్యాదకు ఇది నేటి రూపము. భోజనములో ఒక పిండివంట తగ్గినను అతిథి ఏమియు అనుకొనడు. మనశ్శాంతితో భుజించినచో చాలును.

రెండవది, తిరునాళ్లు. మాఘపూర్ణిమకు హంసలదీవి సాగరసంగమమునకు జనులు వేలకొలదిగా పోవుదురు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములకు బండ్లను ఊరివెలుపలనే నిలిపించి, జనులను బస్సులలో ఘట్టములకు చేర్చిరి. 2028లో పుష్కరములు మరల రానున్నవి. పుష్కరములకు చేసిన ఏర్పాటును ప్రతి తిరునాళ్లకు మన పంచాయతీలు చిన్నమేరలో చేయవచ్చును. పొలమిచ్చిన రైతునకు కొంత సొమ్ము ముట్టజెప్పినచో ఆయనకును నష్టముండదు.

మూడవది, మన తప్పు మనము ఒప్పుకొనవలెను. కోతల కాలమున వడ్లను రోడ్డుపై ఆరబోసి, అంచున రాళ్లు పెట్టుచున్నాము. రాత్రి ఆ రాళ్లు కానక మోటారుసైకిలుపై వచ్చువారు పడుచున్నారు. ట్రాక్టరు ట్రక్కును దీపము లేక, వెనుక మెరయు అట్టయైన లేక, దారి ప్రక్కన విడిచి ఇంటికి పోవుచున్నాము. కల్లమునకు చోటులేని రైతు కష్టము నాకు తెలియును. అయినను ఎవని బిడ్డయో ఆ రాతికి తగిలి పడినచో ఆ వడ్లు మనకు అరుగవు. ఊరుమ్మడిగా ఒక కల్లము ఏర్పరచుకొనుడు. అంతవరకు రాళ్లనైన తీసివేయుడు.

నాలుగవది, ఒక్కడే పోవునప్పుడు కారు వలదు. గుడివాడనుండి బందరునకు గుడ్లవల్లేరు, కవుతరము, వడ్లమన్నాడు, పెడన మీదుగా రైలున్నది. అవనిగడ్డనుండి బస్సులున్నవి. బందరు కలెక్టరు కచేరికి అర్జీ ఇచ్చుటకు పోవువాడు బస్సు దిగి ఆటోనెక్కినచో, వాని మనస్సు అర్జీమీదనే యుండును.

కడపటిది, మీరు బండి నిలుపునప్పుడు ఒక కొలత మనస్సున నుంచుకొనుడు. నా బండి ప్రక్కనుండి ఆటో పోవునా? మంచముపై రోగిని మోయువారు నలుగురు పోవుదురా? పోలేరన్నచో అది నిలుపు చోటు కాదు. ఎంత ఖాళీగానున్నను కాదు. తప్పనిసరియై ఎక్కడైన నిలిపినచో, మీ టెలిఫోను సంఖ్యను కాగితముపై వ్రాసి అద్దములో కనబడునట్లుంచుడు. పిలిచినతోడనే వచ్చుడు.

నేనిప్పుడు గుడివాడ పోయినచో, ఊరిమొదటనున్న ఒక మిత్రుని దొడ్డిలో కారు నిలిపి, అక్కడనుండి నడచి పోవుచున్నాను. నా భార్యను ఆటోలో పంపుదును. పదునైదు నిమిషములు ఆలస్యమగును. కాని పెండ్లిలో నా మనస్సు పెండ్లిలోనే యుండుచున్నది. ఆ వృద్ధుని మాట మాత్రము నన్ను ఇంకను విడువలేదు. నాకు చోటెక్కడ దొరికినదని ఆయన అడిగినాడు. ఆ ప్రశ్నకు ఒక్కడుగా నేను సమాధానము చెప్పలేను. ఊరి పెద్దలు కూర్చుండి చెప్పవలసిన సమాధానమది. మీరందరు ఈ యేటి పెండ్లిండ్ల కాలము రాకమునుపే దానిని ఆలోచింతురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.